కిటికీ అట్ట

గేటుకి రంగు వేసే మనిషి సోమవారం పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. ఏ రంగు వెయ్యాలో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు.

అతని పక్కన రెండు డబ్బాలున్నాయి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. రెండిటికీ మూత తియ్యలేదు. బుధవారం పరీక్ష, గురువారం ఫలితం. అప్పటిదాకా గేటు మీదున్న నిరుటి ఎరుపుని ఇనపబద్దతో గీకడమే అతని పని. పెచ్చులు లేచి, లోపలికి వస్తున్న పిల్లల జుట్టు మీద పడుతున్నాయి.

"నాకేదైనా ఒకటే టీచరమ్మా," అన్నాడు అక్షరాల టీచర్ని చూసి. "కాకపోతే పచ్చ వేసిన బళ్ళో టీ ఇస్తారు. ఎరుపు వేసిన బళ్ళో మంచినీళ్ళడిగినా గుడ్లురుముతారు."

"పాలు ఎక్కువ పోసి ఇప్పిస్తాలే," అందామె. అనేసి గబగబా నడిచింది. ఎవరికి ధైర్యం చెప్పడానికి ఆ మాట అన్నదో ఆమెకే తెలియలేదు.

విద్యాశాఖకి కొత్త కమిషనర్ వచ్చాక ప్రతి సర్కారు బడి గేటుకీ రంగు వచ్చింది. ఏడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ఎన్నడూ చూడని పేజీ చేతికిచ్చి, గడియారం పెట్టి చదివిస్తారు. నిమిషంలో పేజీ పూర్తవాలి. బడి సగటు బాగుంటే పచ్చ. లేకపోతే ఎరుపు. వరసగా రెండోసారి ఎరుపు పడిన బడికి తాళం. పిల్లలు తలో దిక్కు, హెడ్మాస్టర్ ఏ మూలకో, అక్షరాల టీచర్ లాంటి కాంట్రాక్టు వాళ్ళు ఇంటికి.

ఆమెది వరండా చివరి గది. ఏడో తరగతిలో వెనకబడినవాళ్ళందర్నీ ఏరి అందులో వేశారు. మాస్టర్లు దాన్ని 'గోదాము' అంటారు. లోపలి పిల్లలూ అలాగే అంటారు. తమ గదికి అదే అసలు పేరనుకుంటారు.

తుమ్మెద అప్పటికే వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. సన్నగా, కాస్త వంగి ఉండే పిల్ల. చదివేటప్పుడు పెదాలు కదలవు. గొంతులోంచి మాత్రం సన్నగా ఒక రొద వస్తుంది. ఏ మాటైనా ముందు రొదగా పుట్టి, తర్వాత మాటవుతుంది. నిరుడు ఆ పిల్లని అందరూ 'మొద్దు' అనేవారు. తుమ్మెద అని పేరు మార్చింది టీచరే.

తుమ్మెద చేతిలో చెప్పుల పెట్టె నుంచి కత్తిరించిన అట్టముక్క ఉంది. దాని మధ్యలో టీచర్ బ్లేడుతో కోసిన చిన్న కిటికీ. అట్టని పేజీ మీద పెట్టి జరుపుతుంటే ఆ కిటికీలో ఒక్కో మాటే కనబడుతుంది. పేజీ మొత్తం ఒక్కసారి చూస్తే చీమలపుట్ట కదిలినట్టుంటుందట ఆ పిల్లకి. కిటికీలోంచి చూస్తే ఒక్క చీమే.

"టీచర్, నిన్న సబ్బు కాగితం మీద చదివా. 'చర్మ సౌందర్యానికి'. అమ్మకి చెప్పా."

"ఏమంది?"

"చదివింది చాలు, నీళ్ళు చల్లారిపోతున్నాయి, ముందు ఒళ్ళు తోముకోమంది."

గోదాము గొల్లుమంది. టీచర్ కూడా నవ్వింది. 'సౌందర్యం' దాకా రావడానికి ఆ పిల్లకి ఎన్ని నెలలు పట్టిందో ఆమెకి తెలుసు.

"పరీక్ష పోతే లాండ్రీకి రమ్మన్నాడు టీచర్, మేస్త్రీ," అంది తుమ్మెద, అట్టని పుస్తకం మీద సర్దుతూ. వాళ్ళమ్మ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. "పాసైతే మా పిల్ల రాదని అమ్మ తెగేసి చెప్పింది. పోతే మాత్రం వస్తుందని మాటిచ్చేసింది."

"నువ్వెళ్ళవు. బుధవారం ఆ పరీక్ష కుర్చీలో కూర్చుంటావు, చదువుతావు, పై తరగతికి వెళ్తావు. నాదీ పూచీ."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడే డ్రిల్ మాస్టారు గుమ్మంలోంచి తల దూర్చాడు. "చెల్లెమ్మా, పెద్దాయన పిలుస్తున్నాడు. బ్లాకాఫీసర్ కూడా ఉన్నాడు. క్రీము బిస్కెట్లు తెప్పించారంటే వ్యవహారం చిన్నది కాదు."

హెడ్మాస్టర్ గదిలో, ఈ చుట్టుపక్కల బళ్ళన్నీ చూసే బ్లాకాఫీసర్ బిస్కెట్‌ని టీలో ముంచుకుంటున్నాడు. హెడ్మాస్టర్ ఆమెని కూర్చోమన్నాడు. అలా అనడం అదే మొదటిసారి.

"ఏడో తరగతి సగటు వేసి చూశాం. నీ గది లేకపోతే పచ్చ. ఉంటే ఎరుపు. మధ్యలో ఇంకో రంగు లేదమ్మా."

"రూలు ఏమంటోంది?" అందుకున్నాడు బ్లాకాఫీసర్. "చదువుతున్న పిల్లలకే సగటు. బడి మానేసినవాళ్ళు లెక్కలోకి రారు. మానేసినవాళ్ళ మనసు మళ్ళించడానికి ఓ విహారయాత్రల పథకం మూలన పడి ఉంది. బస్సు, తిండి, ఐస్‌క్రీము, అన్నీ అందులోనే. బుధవారం పొద్దున్నే బస్సు పంపిస్తాను."

"వాళ్ళు మానెయ్యలేదండీ. రోజూ వస్తున్నారు."

"మంగళవారం దాకా వస్తారు." అతని బిస్కెట్ సగం విరిగి టీలో మునిగింది. "చెంచా ఉందా?"

హెడ్మాస్టర్ లేచి చెంచా వెతికి ఇచ్చాడు. బ్లాకాఫీసర్ బిస్కెట్ ముక్కని జాగ్రత్తగా పైకి తీసి నోట్లో వేసుకునేదాకా ఇద్దరూ ఆగారు.

"ఆ తర్వాత పిల్లల సంగతి?" అడిగింది టీచర్.

"వచ్చే ఏడు మళ్ళీ చేర్చుకుంటాం. ఎవరొద్దన్నారు?"

లాండ్రీ మేస్త్రీ వచ్చే ఏడుదాకా ఆగడు. తుమ్మెద వాళ్ళమ్మా ఆగదు.

"సార్, ఒక్క పిల్లని వదిలెయ్యండి. ఒక్క పిల్ల చదువుతుంది. మీరే వినండి."

హెడ్మాస్టర్ చెడ్డవాడు కాదు. కాసేపు ఆలోచించి, "రేపు తీసుకురా," అన్నాడు.

*

మంగళవారం తుమ్మెద హెడ్మాస్టర్ బల్ల ముందు నిలబడి అట్టని పేజీ మీద పెట్టింది. హెడ్మాస్టర్ స్టాప్‌వాచీ నొక్కాడు.

"ఆ రొదేమిటి?"

"చదువు సార్," అంది టీచర్.

రైలు గురించిన పాఠం. కిటికీ ఒక్కో మాట మీదికి జరిగింది. ఒత్తు దగ్గర ఆగింది, దాటింది. గేటు దగ్గర ఇనపబద్ద గీకుతున్న చప్పుడు ఇక్కడికీ వినబడుతోంది. స్టాప్‌వాచీ టక్కుమంది. పేజీలో ఇంకా రెండు లైన్లు మిగిలి ఉన్నాయి. టక్కుమంటే ఆగాలని తుమ్మెదకి ఎవరూ చెప్పలేదు. ఆ రెండు లైన్లూ చదివి, చుక్క దగ్గర వేలు పెట్టి తలెత్తింది.

"అయిపోయింది సార్. తప్పులున్నాయా?"

"లేవమ్మా. ఒక్కటీ లేదు. గదికి వెళ్ళు."

తుమ్మెద వరండాలో రెండడుగులు మామూలుగా వేసి, మూడో అడుగు నుంచి గెంతుతూ పోయింది. ఇద్దరూ చూశారు.

"మంచి పిల్లే," అన్నాడు హెడ్మాస్టర్. "కానీ గడియారానికి మంచీ చెడ్డా తెలీదు. నిమిషం దాటాక చదివినా, చదవకపోయినా ఒకటే."

"రెండే లైన్లండీ."

"సరే, కూర్చోబెట్టాననుకో. ఆ గదిలోంచి ఒక్కతే వచ్చిందేం, మిగతావాళ్ళేరని అడుగుతారు. గది మొత్తం మానేసినట్టుండాలి. లేదా మొత్తం వచ్చినట్టుండాలి. ఒక్క పిల్ల కోసం బడికి తాళం వెయ్యమంటావా?" స్టాప్‌వాచీని సొరుగులో పడేశాడు. "పచ్చ పడిన బళ్ళో కాంట్రాక్టు వాళ్ళని పర్మనెంటు చేసే వీలుంది. నీ పేరు పైకి పంపాను. చెప్పకూడదు, చెప్తున్నాను."

ఆమె ఏదో అనబోయింది. సొరుగు మూసుకుంది. ఆమె నోరూ అలాగే మూసుకుంది.

గదిలోకి వెళ్ళి, "రేపు మనం బస్సులో విహారయాత్రకి వెళ్తున్నాం," అని చెప్పింది. గోదాము పైకప్పు లేచిపోయింది. బెంచీలెక్కి గెంతారు. "బాగా చదివినవాళ్ళకేనా టీచర్?" అని ఒకడు అరిచాడు. "ఆఁ," అంది.

తుమ్మెద మాత్రం చెయ్యెత్తింది. "పరీక్షో టీచర్?"

"మీకు తర్వాత పెడతారు. వేరేగా."

అబద్ధం చెప్పడానికి ఇంత తక్కువ శ్రమ పడుతుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

*

బుధవారం పొద్దున్న గోదాము పిల్లలందరూ ఉతికిన బట్టల్లో, నున్నగా దువ్విన తలలతో గేటు బయట నిలబడ్డారు. పక్క గదుల కిటికీల్లోంచి పరీక్షకి కూర్చోబోయేవాళ్ళు కుళ్ళుకుంటూ చూస్తున్నారు.

"మొద్దులకేమో బస్సా! మనకేమో పరీక్షా!"

"బాగా చదవండ్రా, వచ్చే ఏడు మిమ్మల్నీ తీసుకెళ్తారు!" అని గోదాములో ఒకడు తిరిగి అరిచాడు. వాడి జీవితంలో అంత గొప్ప జవాబు చెప్పడం అదే మొదటిసారి. పక్కవాడు వాడి వీపు చరిచాడు.

బస్సు వచ్చింది. డ్రైవర్ దిగి, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒక పొడుగాటి గుడ్డని బస్సు పక్కకి తాళ్ళతో బిగించి కట్టాడు. పసుపు గుడ్డ మీద నల్లటి పెద్ద అక్షరాలు.

అక్షరాల టీచర్ అవి చదివింది. వెంటనే పిల్లల వైపు చూసింది. వాళ్ళు తలుపు దగ్గర ఒకర్నొకరు తోసుకుంటున్నారు. ఒక్కరూ గుడ్డ వైపు చూడటం లేదు. చూసినా ఏమవుతుంది? ఈ బస్సెక్కేవాళ్ళలో దాన్ని చదివేదెవరు? ఆ ధైర్యంతోనే కదా కట్టారు.

ఆమె ఊపిరి పీల్చుకుంది. అంతలో వెనకనుంచి రొద వినబడింది.

తుమ్మెద రోడ్డుకి అటువైపు నిలబడి ఉంది. ఒక కన్ను మూసుకుంది. కిటికీ అట్టని చెయ్యి చాచి పట్టుకుని, దాంట్లోంచి బస్సుని చూస్తోంది. అట్ట మెల్లిగా కుడివైపుకి జరుగుతోంది.

"బడి," అంది. రొద. "మా... మానే... మానేసిన." అట్ట జరిగింది. "పిల్లల." పెద్ద మాట దగ్గర రొద కాస్త పెరిగింది. "విహారయాత్ర!"

అట్ట దించి టీచర్ని చూసింది. ముఖం వెలిగిపోతోంది. ఎవరూ సాయం చెయ్యలేదు. ఎవరూ చదవమని అడగలేదు. వీధిలో, నిలబడి, తనంతట తాను చదివింది. ఆ వెలుగు ఒక్క క్షణం నిలిచింది. తర్వాత, చదివిన మాటలకి అర్థం వచ్చి చేరింది.

"మేం మానెయ్యలేదు కదా టీచర్?"

డ్రిల్ మాస్టారు తల అటు తిప్పుకున్నాడు. బస్సు తలుపు దగ్గర ఇద్దరు పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. బడి కిటికీల్లోంచి ఇంకా ఎన్నో కళ్ళు చూస్తున్నాయి.

"తప్పు చదివావు," అంది టీచర్.

తుమ్మెద కంగారుగా అట్టని మళ్ళీ ఎత్తింది. "ఎక్కడ టీచర్?"

"రెండో మాట."

రొద మళ్ళీ మొదలైంది. అట్ట రెండో మాట మీద చాలాసేపు కదలకుండా నిలిచింది. "మానేసిన... అనే ఉంది టీచర్."

"తప్పని చెప్తున్నానా! నీకు నేను నేర్పానా, నాకు నువ్వు నేర్పుతావా? ఎక్కు బస్సు!"

తుమ్మెద అట్టని జేబులో పెట్టుకుని బస్సెక్కింది.

ఊరి చివర పెద్ద పార్కు. చెరువు, ఉయ్యాలలు, పక్షుల పంజరాలు. పిల్లలు ఐస్‌క్రీములు తిని చేతులు లాగులకి తుడుచుకున్నారు. పంజరం పంజరానికీ ఓ చెక్క, దాని మీద పిట్ట పేరు. మామూలుగా అయితే దారిలో ఏ చెక్క కనబడినా, ఏ గోడ కనబడినా తుమ్మెద రొద వినబడేది. ఇవాళ ఆ పిల్ల పిట్టల్ని చూస్తోంది గానీ చెక్కల్ని చూడటం లేదు.

"తుమ్మెదా, ఇదేం పిట్టే? చదివి చెప్పు," అన్నాడు పొద్దున గొప్ప జవాబు చెప్పినవాడు.

"నాకు రాదు."

అక్షరాల టీచర్ ఆ మాట విన్నది. బెంచీ మీద పక్కన కూర్చున్న డ్రిల్ మాస్టారూ విన్నాడు.

"గుడ్డ మార్చమని డ్రైవర్తో అన్నాను చెల్లెమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ బస్సుకి ఉన్నది అదొక్కటే గుడ్డట. 'బయటివాళ్ళకి పట్టదు, లోపలివాళ్ళకి రాదు, మీకెందుకు సార్ భయం' అన్నాడు."

"చెప్తాను దానికి," అంది టీచర్. "సరిగ్గానే చదివావని చెప్తాను."

"ఎప్పుడు?"

ఆమె లేచి పిల్లల్ని లెక్కపెట్టడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సంతా పాటలు. తుమ్మెద కిటికీకి తలానించి నిద్రపోయింది, లేదా నిద్రపోయినట్టు కళ్ళు మూసుకుంది.

*

గురువారం పచ్చ డబ్బా మూత తెరుచుకుంది.

రంగు మనిషికి టీ ఇచ్చారు. పాలు ఎక్కువే పోశారు. హెడ్మాస్టర్ గేటు ముందు నిలబడి ఫోటో దిగాడు. చివరి గదికి తాళం వేశారు. అయినా కొందరు గోదాము పిల్లలు సంచులతో వచ్చి, తాళం ముందు వరసగా కూర్చున్నారు. "మీకు సెలవులర్రా, పొండి పొండి," అని డ్రిల్ మాస్టారు తరిమితే, పక్క గదులవాళ్ళకి నాలుకలు చూపించి, ఎగురుకుంటూ పోయారు. వాళ్ళలో తుమ్మెద లేదు.

శుక్రవారం జీపు దిగిన మనిషిని ముందు ఎవరూ గుర్తుపట్టలేదు. నెరిసిన జుట్టు, నలిగిన చీర, చేతిలో స్టీలు సీసా. పిల్లల కుళాయి దగ్గర సీసా నింపుకుని, రెండు గుక్కలు తాగి, అప్పుడు ఆఫీసు గదిలోకి వచ్చింది.

"నేను కమిషనర్ని. నీళ్ళు బాగున్నాయి. రంగు ఇంకా ఆరలేదు."

హెడ్మాస్టర్ లేవబోయి కుర్చీ పడేశాడు.

"చదివే పిల్లల్ని మీరు ఎలాగూ వినిపిస్తారు. నేను వినేది చదవనివాళ్ళని. నిరుడు ఒక బళ్ళో చదువొచ్చిన పిల్లల్ని కూడా మానేశారని రాశారు, నిమిషంలో పేజీ పూర్తిచెయ్యలేరని. ఆ గేటు మీది పచ్చ నేనే నిలబడి గీకించాను. మానేసినవాళ్ళలో అందరికంటే ఎక్కువ రోజులు బడికొచ్చిన పిల్ల ఎవరు?"

రిజిస్టరు తిప్పక్కర్లేదు. ఒక్కరోజు కూడా మానని పిల్ల ఆ గదిలో ఒక్కతే.

"ఆ పిల్లని పిలిపించండి. చదవడం వస్తే ఇప్పుడే నా చేత్తో పై తరగతిలో కూర్చోబెడతాను. ఆ తర్వాత మీ సంగతి మాట్లాడుకుందాం."

హెడ్మాస్టర్ అక్షరాల టీచర్తో పాటు గుమ్మందాకా వచ్చాడు. నుదురంతా చెమట. "ఆ పిల్ల చదివిందంటే బడి పోయినట్టే. నువ్వూ పోయినట్టే. తీసుకురా. ఎలా తేవాలో నేను చెప్పను."

లాండ్రీ ఆసుపత్రి వెనక ఉంది. పొడుగాటి రేకుల షెడ్డు. లోపల ఆవిరి, గంజి వాసన. తుమ్మెద, వాళ్ళమ్మ ఒక తడి దుప్పటిని చెరో వైపు పట్టుకుని విదిలిస్తున్నారు. విదిలింపుకి పిల్ల ఒక అడుగు ముందుకి తూలుతోంది.

"మళ్ళీ పరీక్ష పెడుతున్నారమ్మా. కమిషనర్ గారే వచ్చారు," అంది టీచర్.

తల్లి దుప్పటి వదల్లేదు. "పరీక్షకి రాలేదు, పేరు కొట్టేశామని ఆఫీసులో చెప్పారు. ఆరోజు దీన్ని బస్సెక్కించింది మీరే కదా టీచరమ్మా?"

టీచర్ తల దించుకుంది. తల్లి ఆమె వైపు కాసేపు చూసి, దుప్పటిని మడతపెట్టేసి, పిల్ల మొహాన్ని కొంగుతో తుడిచింది. "ఇదే ఆఖరు. వెళ్ళు. గట్టిగా చదువు."

"తొందరగా రావాలి," అన్నాడు మేస్త్రీ ఆవిరిలోంచి. "వచ్చాక వేరే పని అప్పజెప్పాలి దీనికి."

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. ఆరోజు నువ్వు సరిగ్గానే చదివావు. ఆసుపత్రి గోడ మలుపు దగ్గర చెబుదామనుకుంది. మలుపు దాటింది. మందుల దుకాణం దగ్గర చెబుదామనుకుంది. అది చెబితే ఈ పిల్ల చదువుతుంది. చదివితే పై తరగతి. చదివితే గేటు ఎరుపు. పర్మనెంటు కాగితం ఆమె ఇంకా చూడలేదు గానీ, దాన్ని మడిచి ఏ పెట్టెలో పెట్టాలో నిన్న రాత్రే అనుకుంది.

తుమ్మెదే నోరు విప్పింది.

"టీచర్, ఆరోజు రెండో మాట ఏమిటి? నేనేమని చదవాల్సింది?"

పచ్చ గేటు కనబడుతోంది.

"ఇప్పుడెందుకవన్నీ? పద, వాళ్ళు చూస్తుంటారు."

*

కమిషనర్ తుమ్మెదని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. బల్ల మీద ఒక పేజీ పెట్టింది. "గడియారం లేదమ్మా. సాయంత్రం దాకా చదివినా వింటాను."

తుమ్మెద జేబులోంచి అట్ట తీసింది. అంచులు మెత్తబడ్డాయి, ఒక మూల తడిసి ఉబ్బింది. కమిషనర్ దాన్ని చూసి ముందుకి వంగింది. "ఇదేమిటి? బాగుందే! ఎవరు చేసిచ్చారు?"

"టీచర్."

అట్ట మొదటి మాట మీద ఆగింది. గదిలో రొద లేచింది. సన్నగా, నిలకడగా. ఆ రొద అక్షరాల టీచర్‌కి తెలుసు. అది మాట అయ్యే ముందు రొద. హెడ్మాస్టర్‌కీ తెలుసు, మంగళవారం విన్నాడు. అతను కళ్ళు మూసుకున్నాడు.

మాట పెదాల దాకా వచ్చింది. అక్కడ ఆగింది. తుమ్మెద తలెత్తి టీచర్ వైపు చూసింది.

తల ఒక్కసారి ఊపితే చాలు.

టీచర్ కిటికీలోంచి గేటు వైపు చూస్తోంది.

రొద ఆగిపోయింది.

"నాకు రాదండీ."

"వస్తున్నట్టే ఉందే! ఒక్క మాట చదువు."

"తప్పు చదువుతానండీ."

"తప్పయినా ఫర్లేదు. నేనేమీ అనను."

తుమ్మెద తల అడ్డంగా ఊపింది. "మాకు టీచరే చెప్తారండీ, ఏది తప్పో. టీచర్ని అడగండి."

కమిషనర్ టీచర్ వైపు తిరిగింది. అలసిన కళ్ళు. ఆ కళ్ళలో ఆశ ఇంకా మిగిలే ఉంది.

"చెప్పండి టీచర్. ఈ పిల్లకి చదవడం వచ్చా?"

గేటు దగ్గర రంగు మనిషి డబ్బాలు సర్దుకుంటున్నాడు.

"ఏడాదంతా ప్రయత్నించామండీ," అంది అక్షరాల టీచర్.

కమిషనర్ బల్ల మీది పేజీని మడిచింది. తర్వాత పిల్ల తల నిమిరింది. "అయితే నేనే తొందరపడ్డాను. రాని పిల్లని గడియారం ముందు కూర్చోబెట్టి నలుగురిలో ఏడిపించడం కంటే, ఆ పూట పార్కుకి తీసుకెళ్ళడమే మర్యాద. యాత్ర ఆలోచన ఎవరిది?"

హెడ్మాస్టర్ కళ్ళు తెరిచాడు. "మా అక్షరాల టీచర్దే మేడమ్."

"మిగతా బళ్ళకీ చెబుదాం. వచ్చే ఏడు నుంచి అన్నిచోట్లా ఇలాగే జరగాలి. మీరొకసారి నా ఆఫీసుకి రండి టీచర్, కాగితం మీద పెడదాం."

తుమ్మెద కుర్చీ దిగింది. "వెళ్ళొస్తాను టీచర్. మేస్త్రీ తిడతాడు." వరండాలో మామూలుగా నడిచి వెళ్ళింది. ఈసారి గెంతలేదు.

అట్ట బల్ల మీదే ఉండిపోయింది.

*

బడి వదిలాక అక్షరాల టీచర్ ఆ అట్ట పట్టుకుని లాండ్రీకి బయల్దేరింది. దారంతా ఆ ఒక్క మాటనీ లోపల తిప్పుకుంటూనే ఉంది. ఇప్పుడు చెప్పొచ్చు. ఇప్పుడు చెబితే ఎవరికీ నష్టం లేదు.

షెడ్డు తలుపు ఓరగా ఉంది. ఆమె చెయ్యి తలుపు మీదే నిలిచిపోయింది.

లోపల రొద.

యంత్రాల మోత కింద సన్నగా, నిలకడగా, ఎక్కడా తడబాటు లేకుండా. తుమ్మెద ఎత్తు బల్ల ముందు నిలబడి ఉంది. పక్కన ఉతికిన దుప్పట్ల గుట్ట. ఒక్కో దుప్పటి మూల పట్టుకుని, అక్కడున్న నల్ల ముద్రని చూసి, పైకి చదివి, ఆ వార్డు పెట్టెలోకి విసురుతోంది.

"ప్రసూతి." దుప్పటి ఎగిరింది. "కాలిన గాయాలు." ఎగిరింది. రొద కాస్త పెరిగింది. "శస్త్ర... శస్త్రచికిత్స." ఎగిరింది.

అక్కడ చీమలపుట్ట లేదు. దుప్పటికి ఒక్క మాటే. అట్టతో పని లేదు.

మేస్త్రీ టీచర్ని చూసి సంబరంగా ఎదురొచ్చాడు. "రండి టీచరమ్మా! ఏం నేర్పారండీ పిల్లకి! ఇన్నాళ్ళూ ఈ ముద్రలు నేనొక్కణ్ణే చూసేవాణ్ణి, కళ్ళు పోయాయి. వచ్చినప్పట్నుంచి చూస్తున్నా, ఒక్క తప్పు లేదు. ఇలాంటి పిల్లని ఏళ్ళ తరబడి వదలను నేను!"

ఆమె లోపలికి అడుగు పెట్టింది. "తుమ్మెదా."

పిల్ల తలెత్తింది. చేతిలో దుప్పటి మూల, దాని మీద ముద్ర. రొద ఆగిపోయింది.

"అట్ట మర్చిపోయావమ్మా. ఇంకా... ఆరోజు నువ్వు..."

తుమ్మెద ముద్ర వంక చూసింది. టీచర్ ముఖం వంక చూసింది. మళ్ళీ ముద్ర వంక చూసింది. పెదాలు బిగుసుకున్నాయి. అవతల తల్లి మడతపెట్టడం ఆపేసి చూస్తోంది. యంత్రంలోంచి కొత్త దుప్పట్లు వచ్చి గుట్ట మీద పడుతూనే ఉన్నాయి.

"ఆగిపోయావేంటే? చదువు," అన్నాడు మేస్త్రీ.

పిల్ల కదల్లేదు. గుట్ట పెరిగి ఒక దుప్పటి కిందికి జారింది. మేస్త్రీ దాన్ని ఎత్తి దులిపి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండి టీచరమ్మా. కాస్త బయటికి వెళ్తారా? మీరుంటే పిల్ల చదవడం లేదు."